నత్తరాయుడు వచ్చేలోపు

నమోదు 1. విదియ, ఉదయపు పోటు.

మొదట జరిగినవి, జరిగిన వరుసలో:

1. పైనుండి గంప దిగింది. అందులో బెల్లం, ఉల్లిపాయలు, బడికి పలకలు, గాలి జల్లెడలకు కొత్త వలలు వచ్చాయి. అన్నిటి అడుగున, గోనెపట్టాలో చుట్టి, తెర మీద బొమ్మలు ఆడించే యంత్రం ఉంది. మరమ్మతు కోసం దాన్ని పైకి పంపినప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇప్పుడు నలభై అయిదు.

2. యంత్రంతో పాటు ఒక రేకు పెట్టెలో మా చిన్ననాటి బొమ్మ 'నత్తరాయుడు' పన్నెండు భాగాలూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

3. మా సంఘాధ్యక్షుడు గరికిన పోలారావు పెట్టె మూత తీసి, వాసన చూసి, ఏడ్చాడు.

4. ఇంచుమించు అదే సమయంలో ఆరో వీధి చివరన నూకరత్నం ఇంట్లో, పొయ్యి వెనుక గోడ చెమర్చింది.

5. ఆమె ఆచారం తప్పకుండా పొయ్యి ఆర్పి, నేల మీద చతికిలబడి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, కబురు పంపింది.

6. మూడవ అంశానికీ నాలుగవ అంశానికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నేను సముద్రం అడుగున ఉన్న మా అడుగూరిలో గాలి జల్లెడలు శుభ్రం చేస్తాను. ఆరో వీధిలో ఉంటాను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. యంత్రాలతో పాటు దిగిన పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఆరో వీధి నత్తరాయుడు అభిమాన సంఘానికి కార్యదర్శిని కూడా. బొమ్మ లేకుండానే మా సంఘం ఇన్నేళ్లు నడిచింది. ఏటా ఆయన పుట్టినరోజు చేశాము, పాట పాడాము, ఐదో వీధి సంఘంతో తగవు పడ్డాము. బొమ్మ తిరిగి వస్తే ఏమి చేయాలన్న విషయం మీద మాత్రం ఎప్పుడూ చర్చ జరగలేదు.

నమోదు 2. తదియ, ఉదయపు పోటు.

సంఘం అత్యవసర సమావేశం నూకరత్నం ఇంట్లో జరిగింది. గోడ చెమర్చిన ఇంటివారు ఆచారం ప్రకారం లేవకూడదు కనుక మేమే వెళ్లాము. గోడ తడి నిన్న అరచేయంత ఉంది, నేడు చాటంత ఉంది.

మొదటి చర్చనీయాంశం: మొదటి ఆటకు కాగితాలు ఎగరవేయవచ్చునా?

"ముప్పై ఏళ్ల తరవాత మొదటాట రా బావా!" అన్నాడు పోలారావు. "కాయితాలు ఎగరెయ్యకపోతే అదేటాట? సావు భోజనమా?"

"కాగితాలు జల్లెడలకు అడ్డం పడతాయి. ఊపిరాడదు," అన్నాను.

"ఒక్క ఆటకి ఊపిరాడకపోతే ఏటైపోతాది? తరవాత ఆడతాది."

కాగితాలను తిరస్కరించాము. తెరకు గుగ్గిలం ధూపం వేయాలన్న ప్రతిపాదనను కూడా పొగ కారణంగా తిరస్కరించాము. అప్పటికే గుగ్గిలం ఒక సంచీడు దింపించారు కనుక అది నూకరత్నం అటక మీదికి చేరింది. కొబ్బరికాయలకు అభ్యంతరం లేదు. భాగానికి ఒక బుట్ట కాయలు కొట్టాలని తీర్మానించాము. చెత్త ఏదైనా గంపలో పైకే పోవాలి కనుక, పీచునంతా వీధి చివర పోగు పెట్టాలని నేను సవరణ చేర్చాను.

కటౌట్ సిద్ధంగా ఉంది. మా వీధి కప్పు తక్కువ ఎత్తు. అందుచేత నత్తరాయుణ్ని నిలబెట్టలేదు, పడుకోబెట్టి చెక్కారు. పైనుండి దిగిన పాత పడవ చెక్కలు నాలుగు కలిపి పోలారావు స్వయంగా చేశాడు. గుల్ల నీలం, కొమ్ములు బంగారం, కళ్లు కరుణ.

"కటౌటు, కొబ్బరికాయలు అయిపోనాయా?" అంది నూకరత్నం నేల మీద నుండి. ఆమె మా సంఘంలో కోశాధికారి, మా వీధి అంతటికీ వంట చేసే మనిషి. "ఇప్పుడు నా గోడ సంగతి సూడండర్రా."

"రాయుడు బయల్దేరినాడు పిల్లా. కూకో," అన్నాడు పోలారావు.

"కూకునే ఉన్నాను. నిన్నట్నుంచీ కూకునే ఉన్నాను. కూర మాడిపోనాది, కాళ్లు తిమ్మిరెక్కిపోనాయి. మీ రాయుడికి కాళ్లు నేవుగాని నాకున్నాయి గదా!"

ఇక్కడ రాయుడంటే బొమ్మలోని వాడు కాదు, బండి. గోడలకు జిగురు మెత్తే బండి. ఇరవై ఏళ్ల కిందట పోలారావే దాన్ని తయారు చేశాడు. దానికి గుల్ల ఉంది, వెలిగే కొమ్ములు ఉన్నాయి. వీధి మొగ దగ్గర ఆగి కుడి వైపు ఒకసారి, ఎడమ వైపు ఒకసారి కొమ్ములు తిప్పుతుంది, ఎందుకంటే బొమ్మలో ఆయన అలా తిప్పేవాడు. అది ఇంకా వేగంగా నడవగలదు. నడవకుండా పోలారావు కట్టడి చేశాడు. రాయుడు పరిగెత్తితే రాయుడెలా అవుతాడని అతను అడిగిన రోజున ఊరి సభ చప్పట్లు కొట్టి ఒప్పుకుంది. ఆ సభలో ఉన్నవారందరూ చిన్నప్పుడు ఆ తెర ముందు కూర్చున్నవారే.

ఇంతవరకు బండి ఎప్పుడూ సమయానికే వచ్చింది. అయితే ఇంతవరకు చెమర్చినవి దగ్గరి వీధులు. మాది చివరిది. పైగా బండి ఇప్పుడు రెండో వీధిలో ఒక మెత్తడం మధ్యలో ఉంది. మొదలుపెట్టినది ముగించకుండా కదలదు. అది కూడా పోలారావు ఏర్పాటే.

నమోదు 3. తదియ, సాయంత్రపు పోటు.

మొదటి ఆట వేశాము. యంత్రం నడిపినది నేను. వీధి వీధంతా వచ్చింది. నూకరత్నాన్ని పీటతో సహా ఎత్తుకొని వచ్చారు. కూర్చునే ఉంది కనుక ఆచారం చెడలేదు.

ఆట మొదలైన తరువాత చాలాసేపు ఎవరూ ఈల వేయలేదు. కారణం, తెర మీద ఉన్నది ఎవరికీ తెలియదు.

జలగాసురుడు సముద్రపు అడుగున ఉన్న ఒక ఊరి గోడకు నోరు పెట్టి తొలుస్తున్నాడు. బుల్లి అనే ఆడపిల్ల, సన్యాసి అనే ఆమె తమ్ముడు అది చూశారు. వారు కూర్చోలేదు. బుల్లి గోధుమ పిండి ముద్ద కలిపి రంధ్రంలో కుక్కింది. సన్యాసి వల తెచ్చాడు. ఇద్దరూ కలిసి జలగాసురుణ్ని వలలో చుట్టి, నేల మీద పడేసి, పైన కూర్చున్నారు.

"ఇదేటి? ఇది మన బొమ్మేనా?" అని చీకట్లో ఎవరో అన్నారు.

"పెట్టి మారిపోనాదేమో."

అప్పుడు పాట మొదలైంది. అందరూ ఒక్కసారిగా లేచారు. నలభై దాటినవారు బెంచీల మీద గెంతారు. తెర ఎడమ మూల నుండి, నెమ్మదిగా, నత్తరాయుడు వచ్చాడు. కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు. నేల మీద పడి ఉన్న జలగాసురుణ్ని చూశాడు. తరువాత మా ఊళ్లో పలకరింపుగా మారిపోయిన ఆ మాట అన్నాడు:

"అయిపోయిందా? భలే! పదండి, ఇంటికి పోదాం."

కొబ్బరికాయలు కొట్టారు. పోలారావు గొంతు పోయింది.

నేను గమనించిన తేడాలు:

ఆయన నీలం కాదు, బూడిద రంగు. పాటకు మేము పాడుకునే రెండో చరణం లేదు. దాన్ని మాలో ఎవరో కట్టి ఉండాలి. జలగాసురుడు ఆయన చూపుకే కూలిపోయాడని మేము ఇన్నాళ్లూ చెప్పుకున్నాము. ఆయన చూసేటప్పటికే వాడు వలలో ఉన్నాడు.

ఆయన ఏమీ చేయలేదు.

నమోదు 4. చవితి, ఉదయపు పోటు.

రెండో భాగంలోనూ ఏమీ చేయలేదు. మూడో భాగంలోనూ అంతే. మూడో భాగం చివర ఆయన ఒక బిస్కెట్టు తిన్నాడు.

సంఘం మళ్లీ సమావేశమైంది. నేను తేడాలను చదివి వినిపించాను. పోలారావు కటౌట్ కళ్ల మీది దుమ్ము తుడిచాడు.

"నువ్వు సంగానికి ద్రోహం సేస్తన్నావు బావా."

"ఉన్నది చెబుతున్నాను."

"ఆయనొచ్చినాకే గదా నీళ్లు ఆగుతాయి! సిన్నప్పుడు మన కళ్లతో మనం సూణ్ణేదా?"

అప్పుడు నూకరత్నం కింద నుండి అంది: "సూణ్ణేదు."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"బడి గంటా, బొమ్మ మొదలూ ఒకటే టైము. గంట కొట్టీదాకా మాస్టారు వదిల్తాడేటి? మనం సంచులు పారేసి పరిగెత్తుకొచ్చీసరికి పాట వొచ్చీసీది. ఒక్కనాడైనా ముందు సగం సూసినోడు ఉంటే సెయ్యెత్తండి."

ఎవరూ చేయి ఎత్తలేదు. మా పెద్దవాళ్లు ఆ వేళకు నాచు తోటల్లో పనిలో ఉండేవారు; యంత్రం తిప్పిన ముసలాయన ఇప్పుడు లేడు. అడుగూరిలో ఒక తరం తరమంతా ప్రతి సాయంత్రం పరిగెత్తుకుంటూ వచ్చి, ఆఖరి సగం మాత్రమే చూసింది. వచ్చేవాణ్ని చూశాము. భలే అనడం విన్నాము. మిగిలినది మేమే ఊహించుకొని, ఆ ఊహతో ఒక సామెత కట్టుకున్నాము: గోడ చెమరిస్తే కూర్చో, రాయుడొస్తాడు చూస్కో. మేము పెద్దవాళ్లమయ్యాక సామెత ఊరి ఆచారమైంది. తరువాత ఆచారానికి తగిన బండిని కూడా చేశాము.

నేను ఈ మాటలు ఇంత వరుసగా అనలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు వరుస కుదిరింది.

పోలారావు లేచి ప్రతిపాదించాడు: మిగిలిన భాగాల్లో ముందు సగం వేయరాదు. పాట దగ్గర నుండి మాత్రమే వేయాలి. "మన సిన్నతనం మనకి సాలు. ఎవుడో తీసిన సగం మనకెందుకు?"

ప్రతిపాదన నెగ్గింది. వ్యతిరేకించినవారు ఇద్దరు: నేను, నూకరత్నం.

పోలారావు ఎందుకు అలా అన్నాడో నాకు తెలుసు, కనుక నమోదు చేయాలి. ఇప్పుడు మూడో వీధి లేదు. నాలుగో వీధిని మూడో వీధి అని పిలవడానికి ఎవరికీ మనసు రాలేదు. మా వయసు పదిహేనేళ్లు ఉన్నప్పుడు ఆ వీధి గోడ చీలింది. పెద్దలు తోటల్లో ఉన్నారు. అక్కడున్న పిల్లలమంతా సామెత ప్రకారం కూర్చున్నాము. వీధి గేటు కాసే మనిషి పరుగున వచ్చి ఒక్కొక్కరినీ జబ్బ పట్టి లేపి బయటికి తోశాడు. పోలారావు అన్న పెదరాజు మాత్రం లేవలేదు. చిన్నవాళ్లు భయపడతారని ఆఖరి వరకు కూర్చొని పాట పాడుతూనే ఉన్నాడు. నీళ్లు ఊళ్లోకి రాకుండా వీధిని మూసే గేటు పడింది, అతను లోపలే ఉండిపోయాడు.

పోలారావు బండి చేయడం ఆ తరువాతే మొదలుపెట్టాడు.

నమోదు 5. చవితి, సాయంత్రపు పోటు.

గేటు అధికారి ఇందుమతి గారు వచ్చారు. ఆమె పైనుండి దిగి ఏడాది కాలేదు. నూకరత్నం ఇంటి గోడలో ఇప్పుడు తడి కాదు, చీలిక ఉంది. జానెడు పొడవు. నీరు సన్నని ధారగా కారుతోంది. వీధి నేల మీద చీలమండ దాకా నీళ్లు.

ఆమె వీధి మొగలో గోడ మీద నీలి రంగుతో ఒక గీత గీశారు, మోకాలి ఎత్తున.

"నీళ్లు ఈ గీతను తాకితే గేటు దానంతటదే పడిపోతుందండీ. నేను ఆపలేను. ఈలోపు అందరూ సామాన్లు సర్దుకోండి," అన్నారు. "పైన తుఫానుగా ఉంది. మరమ్మతు మనుషులు దిగే అవకాశం లేదు. ఆ బండి ఎక్కడిదాకా వచ్చిందండీ?"

"నాలుగో వీధి మొగలో కొమ్ములు తిప్పుతోంది," అన్నాను.

"ఎందుకు తిప్పుతోంది?"

"అది రాయుడండి."

ఆమె రంగు కుంచెతో గీతను చూపించారు. "కొంచెం త్వరగా నడపలేరా?"

"దారి మధ్యలో వేగం మారదండి. షెడ్డుకు తిరిగి వెళ్లి విప్పితేనే."

"మరి వీళ్లంతా నీళ్లలో ఎందుకు కూర్చున్నారండీ?"

ఆరో వీధి ఆచారం ప్రకారం కూర్చొని ఉంది. ముసలివాళ్లు, నడివయసువాళ్లు, పిల్లలు, అందరూ గుమ్మాల ముందు, నీళ్లలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని ఉన్నారు. ఒక మూల నుండి పాట వినిపిస్తోంది, మేము కట్టిన రెండో చరణం. ఇది ఊరి ఆచారమని మాత్రం ఆమెకు చెప్పాను.

నమోదు 6. పంచమి, ఉదయపు పోటు.

యంత్రంలో పాట దగ్గరికి చేరాలంటే ముందు సగం తిప్పక తప్పదు. తీర్మానంలో 'వేయరాదు' అని ఉంది, 'చూడరాదు' అని లేదు. అందుచేత యంత్రపు అద్దం ముందు నా తువ్వాలు పట్టుకొని, నాలుగో భాగం ముందు సగాన్ని అరచేయంత బొమ్మగా దాని మీద వేసుకొని చూశాను.

నాలుగో భాగంలో జలగాసురుడు రంధ్రం కాదు, చీలిక చేస్తాడు. పిండి నిలవదు. బుల్లి వాళ్ల నాయనమ్మను అడుగుతుంది. నాయనమ్మ చెబుతుంది: గుగ్గిలం దంచి నూనెలో కరిగించు. కొబ్బరి పీచు అందులో ముంచు. వేడి మీద చీలికలో కూరు. మీద చెక్క పెట్టు. చెక్కకు గడ ఊతమివ్వు. మా తాతల కాలంలో పడవలకు చీలిక వస్తే చేసిన పనే ఇది. పడవలు లేని ఊళ్లో పుట్టిన మాకు ఎవరూ చెప్పలేదు; ఈ బొమ్మ చెప్పింది, మేము ఆ వేళకు బడిలో ఉన్నాము.

నేను తువ్వాలు మడిచి బయటికి వచ్చాను. నీరు మోకాలికి జానెడు కింద ఉంది. బండి ఐదో వీధి మొగలో కుడి వైపు చూస్తోంది.

పోలారావు కటౌట్ ముందు నీళ్లలో కూర్చొని ఉన్నాడు.

"బావా, లే," అన్నాను.

"వస్తన్నాడు. కొమ్ముల యెలుగు కనిపిస్తంది సూడు."

"ఆయన వచ్చేసరికి గేటు పడిపోతుంది."

"అలాగనకు."

"నాలుగో భాగం చూశాను. చీలిక ఎలా మూయాలో ఉంది. గుగ్గిలం మన దగ్గర ఉంది. కొబ్బరి పీచు మన దగ్గర ఉంది. చెక్క..." అని ఆగాను. చెక్క అతని వెనుక పడుకొని ఉంది, కరుణగల కళ్లతో.

అతను వెనక్కి తిరిగి కటౌట్ కొమ్మును నిమిరాడు.

"ఆయనేటీ సెయ్యడనీ, అంతా పిల్లలే సేసీసినారనీ అయితే," అన్నాడు, "మా అన్న ఎందుకు కూకున్నాడు బావా?"

నాకు తెలిసినదే చెప్పాను.

"మనలాగే అతనూ పాట వేళకే వచ్చేవాడు. ముందు సగం చూసి ఉంటే ముందుగా లేచేవాడు అతనే."

ఇంతలో నూకరత్నం, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి, లేచి నిలబడింది. మోకాళ్లు పటుక్కుమన్నాయి. వీధి మొత్తం ఆమెను చూసింది.

"ఓలమ్మో, లేసిపోనాది!" అన్నారు ఎవరో.

"లేసిపోనాను. ఏటి సేస్తారు? సంగంలోంచి తీసేస్తారా, తీసీండి!" అంటూ ఆమె కొంగు బిగించింది. "నా పొయ్యి, నా గోడ, నా కొంప. నాకు భలే అని ఎవుడూ సెప్పక్కర్నేదు. ఒరే పోలారావన్నియ్యా! కూకుంటే కూకో గాని ఆ సెక్క మీద సెయ్యి తియ్యి!"

పోలారావు లేచాడు. చేయి తీయడానికి కాదు. కటౌట్‌కు ఒక చివర తానే పట్టుకున్నాడు.

"తోక వైపు నువ్వు పట్టుకో బావా," అన్నాడు. "కొమ్ములు జాగర్త."

అప్పుడు ఆరో వీధి లేచింది.

తరువాత జరిగిన వాటికి వరుస సంఖ్యలు వేయలేకపోతున్నాను. అన్నీ ఒకేసారి జరిగాయి. నూకరత్నం ఎత్తు పీట మీద పొయ్యి వెలిగించింది. పొగ సంగతి నేను ఎత్తలేదు. గుగ్గిలం రోట్లో దంచినవారు దంచారు, కొబ్బరి పీచు విడదీసినవారు విడదీశారు. ఇందుమతి గారు చెప్పులు విప్పి, చీర ఎగదోపి, నూనె డబ్బా మోసుకొచ్చారు. "మీరు కూర్చోండమ్మా, పెద్దోరు," అని ఎవరో అంటే, "ఈ వీధిలో ఆ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను," అన్నారు. కాలే ముద్దను పోలారావే చీలికలో కూరాడు. చేతులు బొబ్బలెక్కాయి. ముద్ద రెండుసార్లు ఊడిపోయి నీటి ధార అతని ముఖాన కొట్టింది. రెండోసారి అతను గోడను ఒక మాట అన్నాడు. అది నమోదుకు తగినది కాదు.

మూడోసారి నిలిచింది. మీద నత్తరాయుణ్ని అడ్డంగా పెట్టి నొక్కాము. తెర గడను విరిచి, ఎదురు గోడ నుండి ఊతం బిగించాము. గడ పొట్టిదైంది. సందులో రేకు పెట్టె పెట్టాము. భాగాలు ముందుగా బయటికి తీశాము; తొమ్మిదో భాగం తడిసింది.

ధార చినుకులైంది. చినుకులు ఆగాయి.

నీరు గీతకు రెండు వేళ్ల కింద నిలిచింది. ఇందుమతి గారు అక్కడ వంగి, చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. ఆమె తల ఎత్తే వరకు వీధిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. గాలి జల్లెడల పనివాడిగా ఆ మాట బాధ్యతతో రాస్తున్నాను.

"పెరగట్లేదండీ," అన్నారు.

పోలారావు చెక్కకు వీపు ఆనించి, అలాగే నిలబడి ఉన్నాడు. "మూడో వీధిలో కూడా పీచు ఉండీది బావా," అన్నాడు. "బోల్డు ఉండీది."

నమోదు 7. పంచమి, సాయంత్రపు పోటు.

బండి వచ్చింది.

వీధి మొగలో ఆగింది. కుడి వైపు కొమ్ములు తిప్పింది. ఎడమ వైపు తిప్పింది. వీధంతా చేతుల్లో బకెట్లతో, బొబ్బలతో, నూనె మరకలతో, మోకాలి దాకా నీళ్లలో నిలబడి చూస్తూ ఉంది. బండి మా మధ్య నుండి నెమ్మదిగా వచ్చి, చీలిక ముందు ఆగి, ఊతమిచ్చిన చెక్క మీది తన బొమ్మను ఎదురుగా చూసింది. అప్పుడు ఇరవై ఏళ్ల కిందట పోలారావు దానిలో పెట్టిన మాట అంది:

"అయిపోయిందా? భలే! పదండి, ఇంటికి పోదాం."

ఇంతకాలం ఈ మాటకు మేము తిరిగి 'భలే' అనేవాళ్లము. అది ప్రశ్న అని ఎవరికీ తోచలేదు.

"అయిపోయింది," అన్నాడు పోలారావు. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. మళ్లీ అన్నాడు: "అయిపోయింది రాయుడా. మేమే సేసినాం."

బండి చెక్క చుట్టూ జిగురు మెత్తడం మొదలుపెట్టింది. పోలారావు దాని గుల్ల మీద చేయి వేసి పక్కనే నడిచాడు. అతను ఏడ్చాడని ముందు రాశాను. ఇప్పుడు ఏడవలేదు. చాలా ఎక్కువ మాట్లాడాడు.

నమోదు 8. సప్తమి.

వీధి ఆరింది. సంఘం సమావేశమైంది. తీర్మానాలు:

1. ముందు సగం వేయరాదన్న తీర్మానం రద్దు. ప్రతిపాదించినది అధ్యక్షుడు.

2. బండి వేగం పెంచుతానని అధ్యక్షుడు ముందుకొచ్చాడు. చర్చ జరిగింది. "వొద్దన్నియ్యా," అంది నూకరత్నం. "ఆయనకి తొందరేటుంది? మనం సేసీసుకుంటాం. ఆయనొచ్చి భలే అంటాడు. అది కూడా గావాల గదా." ఇందుమతి గారు ఆహ్వానితురాలిగా తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. మధ్యస్థంగా, సగం వేగం పెంచాలని నిర్ణయించాము. కొమ్ములు తిప్పడం యథాతథం.

3. ప్రతి వీధి చివర ఒక సంచి గుగ్గిలం, ఒక డబ్బా నూనె, కొబ్బరి పీచు, నాలుగు చెక్కలు ఉంచాలి. ఐదో వీధి సంఘం తమ చెక్కల మీద ఆయన బొమ్మను మాకంటే పెద్దదిగా వేయిస్తామని ప్రకటించింది. మేము పట్టించుకోలేదు. మావి వేయించడం మొదలుపెట్టాము.

4. కటౌట్‌ను గోడ నుండి తీయరాదు. ఎలాగూ రాదు.

5. సామెతను మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. ప్రాస కుదరక వాయిదా పడింది. పిల్లలు ఈలోపు తమంతట తామే ఒకటి కట్టుకున్నారు. అందులో అధ్యక్షుడి పేరు, ఒక బూతు ఉన్నాయి. సంఘం దాన్ని ఆమోదించలేదు, నిషేధించలేదు.

6. బడి గంట, బొమ్మ మొదలు ఒకే వేళకు ఉండరాదు. మాస్టారితో మాట్లాడినది అధ్యక్షుడే. అతను ఏమి చెప్పాడో నాకు తెలియదు. వచ్చాక అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాస్టారు మాత్రం బడిని అరగంట ముందుగా వదలడానికి ఒప్పుకున్నారు.

నేడు మొదటి భాగం మళ్లీ వేస్తున్నాము, ముందు సగంతో సహా. యంత్రం సిద్ధం. కొత్త గడకు తెర కట్టాము. వీధిలో పిల్లల అడుగులు వినిపిస్తున్నాయి. పరిగెత్తడం లేదు, అవసరం లేదు. పోలారావు ముందు వరుసలో కూర్చున్నాడు, పక్కన ఒక చోటు ఖాళీగా ఉంచి, దాని మీద తువ్వాలు పరిచి. అది ఎవరి కోసమని పిల్లలు అడిగితే, "మా అన్నకి. ఆడూ ముందు సగం సూణ్ణేదు," అన్నాడు.

ఆట మొదలుపెడుతున్నాను.

సమయం: సాయంత్రం నాలుగు గంటల ముప్పై నిమిషాలు.

చోడిపల్లి వీర వెంకట ముసలయ్య